ఏడంగుళాల చోటు

4, సోమవారం

పెన్సిలు ఫోన్ చేశాడు. పాత ఆఫీసులో నా పక్క బల్లవాడు. చెవి మీద పెన్సిలు లేకుండా వాణ్ణి ఎవరూ చూసి ఎరగరు. ఇప్పుడు ఇక్కడికి నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఒక పెద్ద ఆర్కిటెక్టు దగ్గర పనిచేస్తున్నాడు. అక్కడ డ్రాయింగులు గీసే మనిషి కావాలట. వీడు నా పేరు చెప్పాడట, ఆయన సరేనన్నాడట. "నెలాఖరులోగా వస్తున్నావో లేదో చెప్పు. నాన్చకు. నువ్వు నాన్చుతావని నాకు తెలుసు" అన్నాడు.

నాన్చడానికి ఏముంది? మావయ్యకి చెప్పాలి, అంతే. "మావయ్యా, నాకు ఉద్యోగం దొరికింది, మేమిద్దరం వెళ్తాం." నిమిషం కూడా పట్టదు. పాత ఆఫీసు మూతపడ్డప్పుడు "ఏదో ఒకటి దొరికేదాకా మన షాపులో కూర్చో అల్లుడూ" అని పిలిచింది ఆయనే. నాలుగేళ్ళు పట్టింది గానీ దొరికింది కదా. కాదంటాడా?

మా ఆవిడకి చెప్పాను. గిన్నెలు తుడుస్తున్నదల్లా ఆగిపోయి "నిజంగానా?" అంది. ఆవిడ ముఖం అలా వెలగడం చూసి చాలా కాలమైంది. "నాన్నకి నేను చెప్పనా?" అని అడిగింది. వద్దన్నాను. ఇది నేను చెప్పాల్సిన మాట.

5, మంగళవారం

ఇవాళ కుదరలేదు. షాపు నిండా జనం.

7, గురువారం

మావయ్యా నేనూ ఒంటరిగా ఉండేది కారులోనే. ఇంట్లో అత్తయ్య ఉంటుంది. మా గదిలోంచి బయటికి రావాలంటే హాల్లో వాళ్ళ సోఫా ముందునుంచే రావాలి. గదిలో దగ్గినా "జలుబా అల్లుడూ?" అని హాల్లోంచి వినిపిస్తుంది. షాపులో కుట్టేవాళ్ళుంటారు. కర్టెన్ల కొలతలకి ఇళ్ళకు వెళ్ళేటప్పుడు మాత్రం మేమిద్దరమే. వెనక సీటు నిండా శాంపిల్ పుస్తకాలు, సీట్ల మధ్యలోంచి ముందుదాకా పొడుచుకొచ్చే రాడ్లు. ఈ డైరీ కూడా ఆ శాంపిల్ పుస్తకాల కిందే ఉంటుంది. ఇంట్లో దీనికి చోటు లేదు.

కాబట్టి కారులోనే చెప్పాలి. కానీ కారెక్కితే ఆయన నోరు మూతపడదు. "ఎడమకి. ఎడమకి అల్లుడూ. ఆ స్కూటరువాణ్ణి పోనీ. ఇప్పుడు తిప్పు. గేరు, గేరు." నాలుగేళ్ళుగా అవే వీధులు. కళ్ళకి గంతలు కట్టినా నడపగలను. అయినా చెప్తాడు. అందులో నా మాట ఎక్కడ దూరుస్తాను?

ఇవాళ వస్తూ ఉంటే ఒక ఆలోచన తట్టింది. ఆ పాత రేడియో పీకేసి టచ్ స్క్రీను స్టీరియో పెట్టిస్తే దారి అదే చెప్తుంది. మావయ్యకి పని తగ్గుతుంది. సన్నగా ఒక పాట పెడితే ఆయన మనసూ మెత్తబడుతుంది. అప్పుడు చెప్పేస్తాను. ఈ మధ్య చవకలోనే దొరుకుతున్నాయట.

మా ఆవిడకి ఈ సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతుంది.

9, శనివారం

రెండు రోజులుగా ఫోనులో స్టీరియోలు తప్ప ఇంకేమీ చూడటం లేదు. ఇంత ప్రపంచం ఉందని తెలియదు. చవకవాటిలో కాస్త మంచివి, మంచివాటిలో కాస్త చవకవి, రెండూ కానివి. ఒకాయన ఎండలో బొమ్మ కనపడదంటాడు. ఇంకొకాయన వేలు పెట్టిన చోట కాకుండా పక్కన నొక్కుకుంటుందంటాడు. మూడో ఆయన ఇది కొన్నాక తన జీవితమే మారిపోయిందని రాశాడు. అంతకుముందు ఆయన జీవితం ఎలా ఉండేదో రాస్తే బాగుండేది.

పెన్సిలు మెసేజి పెట్టాడు. "చెప్పావా?" వచ్చే వారం అని రాశాను.

11, సోమవారం

కొన్నాను. తొమ్మిదంగుళాలది. నా సొంత డబ్బు.

పెట్టె చూస్తే చిన్నపిల్లాడిలా సంబరం వేసింది. షెడ్డులో కారులో కూర్చుని విప్పి, తెర మీది పల్చటి ప్లాస్టిక్కు పొర ఊడదీసి, ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఉన్నాను. నలుపు తెరలో నా మొహం కనిపించింది. ఫరవాలేదు, ఇంకా ఉద్యోగంలో చేరగలిగే మొహమే.

12, మంగళవారం

పట్టదట. కార్ల ఆక్సెసరీల షాపువాడు పాత రేడియో చోట వేళ్ళు పెట్టి చూసి "ఏడంగుళాలే సార్ మీ బండికి" అన్నాడు.

"తొమ్మిది పెట్టడానికి కుదరదా?"

"ఎందుకు కుదరదు? డాష్‌బోర్డు కోయాలి. కోస్తే మళ్ళీ పాతది పెట్టలేం సార్, ముందే చెప్తున్నా. బండి మీదేగా?"

వాడు తలెత్తి చూసి "బండి మీదే కదా సార్?" అని మళ్ళీ అడిగాడు. ఇంట్లో అడిగి వస్తానన్నాను. కొన్నచోటేమో పెట్టె విప్పాక తిరిగి తీసుకోరట. ప్లాస్టిక్కు పొర ఎందుకు పీకానో.

13, బుధవారం

మావయ్యని అడిగాను. ఎలా జరిగిందో జరిగినట్టు రాసుకుంటున్నాను.

ఒక డాక్టరు గారి ఇంట్లో కొలతలు తీసుకుని వస్తున్నాం. రైల్వే గేటు పడింది. ఇంజను ఆపాను. గేటు దగ్గర చెప్పడానికి దారేమీ ఉండదు కనుక ఆయన కూడా ఊరుకున్నాడు. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. "మావయ్యా" అన్నాను. "ఊఁ" అన్నాడు. గొంతులో మాట తయారుగా ఉంది. బయటికి మాత్రం "కారు డాష్‌బోర్డు కొంచెం కోయించాలి" అని వచ్చింది.

సంగతంతా చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. "ఊళ్ళో అందరి కిటికీలూ కొలుస్తావు. మన కారు దగ్గరికొచ్చేసరికి టేపు ఎక్కడ పెట్టావు అల్లుడూ?" నాకూ నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆపి, "నీ డబ్బుతోనే కొన్నావా?" అని అడిగాడు. అవునన్నాను. "నన్ను అడక్కుండా?" అవునన్నాను, తప్పు చేసినవాడిలా. ఆయన నావైపు కాసేపు చూసి, "కోయించు" అన్నాడు. గేటు లేచింది.

సాయంత్రం షాపు బిల్డింగు ఓనర్ని కలిసొస్తానని ఒక్కడే వెళ్ళాడు. కారు తీయనా అంటే అక్కర్లేదన్నాడు. మోకాళ్ళ నొప్పులని పొద్దస్తమానం మూలిగే మనిషి హుషారుగా నడిచి వెళ్ళాడు.

14, గురువారం

"చెప్పారా?" అని అడిగింది మా ఆవిడ.

"ముందు అది బిగించనీ."

"ఏది?"

స్టీరియో సంగతి అప్పుడు చెప్పాల్సి వచ్చింది. మా ఆవిడ నవ్వలేదు. నవ్వితేనే బాగుండేది.

16, శనివారం

బిగించారు. కోస్తుంటే పక్కనే కూర్చున్నాను. సన్నటి రంపపు పళ్ళ బ్లేడు, కాలిన ప్లాస్టిక్కు వాసన, నా చెప్పుల మీద నల్లటి పొట్టు. మధ్యలో ఒకసారి ఆపమందామా అనిపించింది. అప్పటికే సగం కోసేశాడు.

చూడటానికి బాగుంది, ఒప్పుకోవాలి. పాత కారుకి కొత్త కళ వచ్చింది. సోమవారం చెప్పేస్తాను.

18, సోమవారం

చెప్పలేదు. తప్పు నాది కాదు.

మ్యాపు పెట్టాను. అందులో అమ్మాయి గొంతు "రెండు వందల మీటర్లలో కుడివైపు తిరగండి" అంది. మావయ్య ఉలిక్కిపడ్డాడు. "కుడివైపు ఎందుకు? మనం ఎప్పుడూ పార్కు మీదుగానే వెళ్తాం కదా. తిన్నగా పోనీ." తిన్నగా పోనిచ్చాను. ఆ అమ్మాయి కోప్పడకుండా ఇంకో దారి చెప్పింది. అదీ కాదన్నాడు. మళ్ళీ ఇంకోటి చెప్పింది. మూడోసారి ఆయనకి సిగ్గేసినట్టుంది, "సరే, పాపం, చెప్పిన దారినే పోనీ" అన్నాడు. ఎప్పటికంటే ముందే చేరాం.

అక్కడినుంచి ఆయన ఆమె పక్షమే. "చూశావా, ఎంత ఓపిగ్గా చెప్తోందో. ఈ అమ్మాయి మాట విను." నాలుగేళ్ళలో నేను చెప్పిన దారి ఒక్కటి వినలేదు. ఈమె మాటకి మాత్రం "అలాగేనమ్మా" అంటున్నాడు. ఆమె చెప్పింది ఆయన మళ్ళీ నాకు చెప్తాడు. ఇప్పుడు కారులో నాకు దారి చెప్పేవాళ్ళు ఇద్దరు.

ఫోన్లు తీయడం కూడా నేర్చుకున్నాడు. నాకు ఫోనొస్తే తెర మీద పచ్చ బొమ్మ వస్తుంది. వేలితో గట్టిగా, కాలింగ్ బెల్లు నొక్కినట్టు నొక్కి, "హలో, కర్టెన్ల షాపు" అంటాడు.

20, బుధవారం

వెనక కెమెరా కూడా పెట్టిస్తే ఈ పని పూర్తవుతుంది. రివర్సు చేసేటప్పుడు మావయ్య కిటికీలోంచి తల బయట పెట్టి "రా రా రా, ఆగు" అని అరుస్తాడు. అందరూ చూస్తారు. ఆ తలనొప్పి పోతే ప్రశాంతంగా కూర్చుని మాట్లాడొచ్చు.

మా ఆవిడతో అంటే "కెమెరా అయ్యాక ఇంకేం పెట్టిస్తారు, చక్రాలా?" అంది.

"చక్రాలు ఉన్నాయిగా."

"ఉన్నాయి. అవి ఎటూ కదలడం లేదు."

అటక మీదనుంచి సూట్‌కేసు దింపి, దుమ్ము దులిపి, మంచం కింద పెట్టింది. హాల్లోంచి అత్తయ్య "ఏంటమ్మా ఆ చప్పుడు?" అంది. "చీర వెతుకుతున్నానమ్మా" అంది మా ఆవిడ. నా కోసం అబద్ధం ఆడింది. ఆడాల్సి వచ్చినందుకు నావైపు చూడలేదు.

23, శనివారం

కెమెరా పెట్టించాను. మావయ్య ఇప్పుడు తల బయట పెట్టడం లేదు. తెర చూస్తూ "రా రా రా" అంటున్నాడు.

26, మంగళవారం

ఇవాళ చెప్పి తీరాలని పొద్దున్న మొహం కడుక్కుంటూ అద్దంలో రెండుసార్లు చెప్పుకున్నాను. కారెక్కగానే మ్యాపు ఆపేశాను. పాట ఆపేశాను. "ఏమైంది దీనికి?" అన్నాడు మావయ్య. "ఏం కాలేదు. మీతో ఒక మాట మాట్లాడాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"నేనూ నీతో ఒక మాట చెప్పాలని రెండు రోజులుగా చూస్తున్నా. ముందు నేను చెప్పనీ" అన్నాడు.

చెప్పాడు. షాపు అద్దె అగ్రిమెంటు ఈ నెలతో అయిపోతుందట. ఈసారి తిరగరాయకూడదనే అనుకున్నాడట. మోకాళ్ళు లేవడం లేదు, కుట్టేవాళ్ళకి వేరే చోట పని చూపించి, మూసేసి ఇంట్లో కూర్చుందామని అత్తయ్యతో కూడా అన్నాడట. "నీకు చెప్పలేదు. చెబితే అల్లుడు వీధిన పడ్డానని అనుకుంటాడేమో అని ఒక పక్క. అసలు నీకు ఈ పని ఇష్టం లేదేమో, ఎప్పుడు పోదామా అని చూస్తున్నావేమో అని ఇంకో పక్క. నీ మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది, నువ్వు నోరు విప్పవు కదా."

ఆయన చెయ్యి చాచి తెర మీది దుమ్ము తుడిచాడు.

"నీ డబ్బు పెట్టి నా కారు కోయిస్తానన్నావు చూడు, ఆ రోజు నాకు అర్థమైంది. పోయేవాడు ఇలాంటివి పెట్టించుకోడు. ఆ సాయంత్రమే ఓనరు దగ్గరికి వెళ్ళి ఇంకో ఐదేళ్ళకి మాట్లాడా. మధ్యలో వదలకూడదని షరతు పెట్టాడు. ఆదివారం పొద్దున్న సంతకం పెట్టేశా. నువ్వు ఉంటానన్నాక నా మోకాళ్ళదేముంది?"

పచ్చ సిగ్నలు పడింది. వెనకవాడు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు.

"ఇంతకీ నువ్వేదో చెబుతానన్నావు?" అన్నాడు.

"ఏం లేదు మావయ్యా. వెనక స్పీకర్లు పాతవైపోయాయి. మారిస్తే బాగుంటుంది."

"మార్పించు" అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూడలేకపోయాను.

27, బుధవారం

స్పీకర్లు మార్పించాను.

28, గురువారం

అగ్రిమెంటు సంగతి మా ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. గదిలోకి వచ్చి తలుపు వేసింది. మంచం మీద కూర్చుంది.

"మీకు వెళ్ళాలని లేదు. ఆ మాట నాకు చెప్పి ఉండాల్సింది" అంది.

ఉంది. నాకు వెళ్ళాలని ఉంది. ఆ గీతలు, ఆ పెద్ద బల్ల, పొద్దున్నే మా ఇంట్లోంచి మేం తలుపు తీసుకుని బయటికి రావడం, ఇవన్నీ నాకు కావాలి. ఇదంతా ఆవిడతో చెప్పొచ్చు కదా. హాల్లో టీవీ ఆపేశారు, అన్నీ వినిపిస్తాయి. "రేపు మాట్లాడదాం" అన్నాను.

29, శుక్రవారం

ఏం రాయాలో తెలియడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున్న మార్కెట్టు రోడ్డులో ఉన్నాం. ముందు లారీ, పక్కన ఆటోలు. పెన్సిలు ఫోను. తెర మీద వాడి పేరు ఇంత పెద్ద అక్షరాలతో వచ్చింది. నా రెండు చేతులూ స్టీరింగు మీదున్నాయి. నేను చెయ్యి తీసేలోగా మావయ్య పచ్చ బొమ్మ నొక్కేశాడు.

"హలో, కర్టెన్ల షాపు. మా వాడు బండి నడుపుతున్నాడు. కొలతలకి రావాలా?"

"కొలతలు కాదండీ. మీరు షాపులో ఆయనా? వాడికి ఒక్క మాట చెప్పండి. రేపు సాయంత్రం ఐదింటిలోగా చెప్పకపోతే ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నెలంతా అడుగుతున్నా. మావయ్యకి చెప్పి వస్తా, మావయ్యకి చెప్పి వస్తా అంటాడు. ఆ మావయ్య ఒప్పుకోవడం లేదా ఏంటండీ?"

స్పీకర్లు కొత్తవి. ఒక్క అక్షరం పోకుండా వినిపించింది.

"ఆ మావయ్యని నేనే బాబూ" అన్నాడు మావయ్య. "మా వాడు చెప్తాడులే." ఎర్ర బొమ్మ ఎక్కడుందో వెతికి, మెల్లగా నొక్కాడు.

తర్వాత మ్యాపులో అమ్మాయి ఒక్కతే దారి చెప్పింది. కొలతల ఇంటికి చేరాం. నేను స్టూలెక్కి టేపు పైకొస పట్టుకున్నాను. ఆయన కింద కొస పట్టుకుని అంకెలు చదివాడు. ఇంటావిడ రంగులు అడిగితే నవ్వుతూనే చూపించాడు. మళ్ళీ కారులో కూర్చున్నాక అడిగాడు.

"ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"స్టీరియో బిగించాక చెబుదామనుకున్నా."

"బిగించి చాలా రోజులైందిగా."

"కెమెరా పెట్టాక అనుకున్నా."

"అదీ పెట్టావు."

ఆయన కిటికీ అద్దం దింపి, మళ్ళీ ఎక్కించాడు.

"మా అమ్మాయికి తెలుసా?"

"తెలుసు."

అది ఆయనకి గట్టిగా తగిలింది. ఇంటి వీధిలోకి తిరిగాక అన్నాడు: "నేనేం పులినా అల్లుడూ? ఒక్క మాట ముందు చెప్పి ఉంటే నేను ఆ సంతకం పెట్టేవాణ్ణి కాదు. నువ్వక్కడ, నేనింట్లో, ఇద్దరం సుఖంగా ఉండేవాళ్ళం."

షెడ్డులో ఇంజను ఆపాక, దిగకుండానే, "వెళ్ళండి. ఇద్దరూ వెళ్ళండి. సంతకం నాది, షాపు నేను చూసుకుంటా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే నేను కూడా కోపం తెచ్చుకుని వెళ్ళిపోయేవాణ్ణి. డాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించి, ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు బయటికి పెట్టి దిగాడు.

30, శనివారం

మా ఆవిడ సూట్‌కేసు సర్దేసింది. ఇంత జరిగాక ఆవిడ ముఖం తేటగా ఉంది. "నాన్నే వెళ్ళమన్నాడు కదా. ఇంక ఎవర్ని అడగాలి?" అంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తయ్య కూడా "అక్కడ ఇల్లు దొరకగానే గిన్నెలు నేను పంపిస్తాను" అంది. మావయ్య తలవంచుకుని తిని, షాపుకి నడిచే వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.

నన్ను ఎవరూ పట్టుకుని లేరు. ఇది రాసుకుని చదివితే భయం వేస్తోంది. నాలుగేళ్ళు ఆ ఇంట్లో ఊపిరాడటం లేదని ఇందులో ఎన్ని పేజీలు నింపానో. ఇవాళ అన్ని తలుపులూ తీసే ఉన్నాయి, ఊపిరి మాత్రం ఇంకా ఆడటం లేదు.

ఐదింటిలోగా పెన్సిలుకి చెప్పాలి. ఇంట్లో అందరూ వింటారని షెడ్డుకి వచ్చి కారులో కూర్చున్నాను. పైన కిటికీలో మా ఆవిడ నిలబడి ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నానా లేదా అని చూస్తోంది. మావయ్య అక్కడ ఒక్కడే స్టూలెక్కుతుంటాడు. వెళ్తానంటే ఆయన పడిపోతాడు. ఉంటానంటే ఆవిడ ఇంక నాతో మాట్లాడదు. అయినా నేను వెళ్తాననే చెప్తాను. నిశ్చయించుకున్నాను. ఇందులో తిరుగు లేదు.

తెర మీద వాడి పేరు తెచ్చిపెట్టాను. నొక్కడమే. దీంట్లో టైము కాస్త వెనకబడి ఉన్నట్టుంది. ముందు అది సరిచేసి, అప్పుడు నొక్కుతాను.